అల్మారాలో అత్తమ్మ వాటా

జనగామలో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు పడకగది గోడలో అల్మారా కావాలని పట్టుబట్టింది నేనే. మా ఆవిడ ఇనుప బీరువా చాలన్నది. నేను వినలేదు. నేల నుంచి పైన సజ్జ దాకా, నల్లటి కడప బండల అరలతో, ప్లైవుడ్ తలుపులతో, గోడలో గోడగా కలిసిపోయిన అల్మారా ఉంటేనే ఇల్లు ఇల్లులా ఉంటుందని నా నమ్మకం. లోతు ఎంత పెట్టమంటారని మేస్త్రీ అడిగితే, ఎంత లోతుంటే అంత సామాను పడుతుంది కదా అని, చెయ్యి పూర్తిగా చాపితే తప్ప వెనక గోడ అందనంత లోతు పెట్టించాను. అంత తెలివి నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. లోతైన అరలో ముందు వరుస మాత్రమే మనది. వెనక వరుసలోకి పోయింది ఏదైనా ఇక మనకు లేనట్టే. కనపడలేదని కొన్న టార్చిలైట్లు, కనపడలేదని కొన్న దుప్పట్లు, కనపడలేదని మళ్ళీ కుట్టించిన రవికలు మా ఇంట్లో ఉన్నాయి.

నా ఉద్యోగం భూపాలపల్లిలో. అక్కడ చిన్న గది అద్దెకు తీసుకుని ఉంటాను. శనివారం సాయంత్రం ఇంటికొస్తే సోమవారం పొద్దున్నే మళ్ళీ బస్సు. మా ఆవిడ జనగామలోనే ఒక బడిలో టీచరు. మా అమ్మాయి హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుతుంది. అంటే వారమంతా ఆ ఇంట్లో ఉండేది మా ఆవిడ ఒక్కతే. అయినా అల్మారా నిండిపోయింది. ఒక్క మనిషి ఉండే ఇంట్లో అల్మారా ఎలా నిండుతుందో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు.

ఆ వానాకాలంలో మా అత్త మా ఇంటికి వచ్చింది. వాళ్ళది నెల్లికుదురు దగ్గర ఊరు. మామ పోయి చాలా ఏళ్ళయింది. మా ఆవిడ ఒక్కతే సంతానం. ముసురు పట్టి విడవకుండా కురిసేసరికి ఆ మట్టి ఇంటి వెనక గోడ కూలింది. ఆ సమయానికి ఆమె పక్కింటి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది కాబట్టి సరిపోయింది. ఆ కబురు తెలియగానే మా ఆవిడ పోయి, ఆమెను ఒక్క మాట మాట్లాడనివ్వకుండా బస్సెక్కించి తీసుకొచ్చింది. ఆమె వెంట వచ్చింది ఒక జిప్పు సంచి. పెళ్ళి బట్టలు ఎక్కువగా కొంటే దుకాణం వాళ్ళు ఊరికే ఇస్తారే, ఆ రకం.

"నాలుగొద్దులుండి పోత," అన్నది మా అత్త గడప దాటుతూనే.

నాతో కాదు, మా ఆవిడతో. నాతో ఆమె మాట్లాడదు. కోపమేమీ లేదు, పెళ్ళయినప్పటి నుంచీ అంతే. నేను కనిపిస్తే కొంగు తల మీదికి లాక్కుంటుంది, పక్కకు జరుగుతుంది. నాతో చెప్పాల్సింది ఎదురుగా ఏముంటే దానితో చెబుతుంది. "అల్లుడు చాయ తాగుతడా?" అని ఫ్రిజ్‌ను అడుగుతుంది. తాగుతానని నేను ఫ్రిజ్‌కే చెబుతాను. చాయ మాత్రం నాకే వస్తుంది. ఇన్నేళ్ళలో ఈ ఏర్పాటు వల్ల మా ఇద్దరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

హాలు పక్కనున్న చిన్న గదిలో ఆమెకు మంచం వేశాం. అందులో అప్పటికే బియ్యం డ్రమ్ము, కుట్టుమిషను, అమ్మాయి పాత పుస్తకాలు ఉన్నాయి. మంచం పడ్డాక తలుపు సగమే తెరుచుకునేది. సంచి మంచం కిందికి పోయింది. ఆమె రోజూ స్నానం చేసి వచ్చి, మోకాళ్ళ నొప్పితో మెల్లగా కిందికి వంగి, సంచి బయటికి లాగి, చీర తీసుకుని, మళ్ళీ జిప్పు మూసి లోపలికి నెట్టేది. నాలుగు రోజులు పోయి నెలలయ్యాయి. సంచి మాత్రం సర్దుకుని సిద్ధంగానే ఉన్నది.

ఒక ఆదివారం అన్నం తింటుంటే మా ఆవిడ గొంతు తగ్గించి అన్నది: "గా సంచి మంచం కిందకెల్లి లేస్తలేదు చూసినవా? నేను బడికి పోయినప్పుడు ఎప్పుడో ఒకనాడు గా సంచి పట్టుకొని బస్సెక్కుతది. పోతే గా కూలిన ఇంట్లనే పంటది. నాకు బడిల పాఠం చెప్పుకుంట సుత గదే భయం."

మా ఆవిడ దేనికీ అంత తొందరగా భయపడే మనిషి కాదు. ఏం చెయ్యాలో పాలుపోక, నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య బయటికి తీశాను. ఆమెకు అల్మారాలో ఒక అర ఇద్దాం అన్నాను. బట్టలు అరలోకి ఎక్కితే మనిషి ఇంట్లోకి ఎక్కినట్టే కదా. మా ఆవిడ కూడా సరేనన్నది.

ఇక భూపాలపల్లి గదిలో సాయంత్రాలు ఫోనులో అల్మారా సర్దే వీడియోలు చూడటం మొదలుపెట్టాను. చొక్కాలను నిలువుగా మడిచి పుస్తకాల్లా పేర్చమంటారు. ఒకరేమో అన్నీ తగిలించమంటారు, ఇంకొకరు ఏదీ తగిలించవద్దంటారు. ఏడాదిగా కట్టని బట్ట ఎవరికైనా ఇచ్చేయమని అందరూ అంటారు. ఆ లెక్కన మా ఆవిడ పట్టుచీరలన్నీ ఇచ్చేయాలి. ఆ మాట ఆమెతో అనే ధైర్యం ఆ వీడియోల వాళ్ళలో ఎవరికైనా ఉందా అని నాకు అనుమానం. వాళ్ళ ఇళ్ళలో ఉండేవి కాసిని తెల్ల చొక్కాలు, ఒక గడ్డి బుట్ట. శుభకార్యాలకు వచ్చిన రవిక గుడ్డల కట్టలు, తువ్వాళ్ళు, ఎక్స్‌రే కవర్లు, మిక్సీ కొన్నప్పటి అట్టపెట్టె ఏం చెయ్యాలో ఒక్కరూ చెప్పలేదు.

ఒక ఆదివారం అల్మారా మొత్తం మంచం మీదికి దించాను. దించాక భయమేసింది. మంచం కనపడలేదు. మా ఆవిడ మధ్యలో కూర్చుని ఒక్కొక్కటీ ఎత్తి చూపిస్తూ, ఇది ఎందుకు తీయకూడదో చెబుతోంది. అమ్మాయి ఒకటో తరగతి గౌను తీయకూడదు. అమ్మాయి అడిగితే? హాస్టల్లో ఉన్న పిల్ల ఒకటో తరగతి గౌను ఎందుకు అడుగుతుందని నేనడిగితే, అడగదని నీకెట్ల తెల్సు అన్నది. నా పెళ్ళి సూటు ముచ్చట మాత్రం ఆమె నిముషంలో తేల్చేసింది. "గిది నీకు పట్టి ఎన్నేండ్లయింది? పక్కకు వెట్టు." అల్మారాలో న్యాయం ఎలా నడుస్తుందో ఆ రోజు తెలిసింది.

కిందామీదా పడి చివరికి నడుము ఎత్తున్న అర ఖాళీ చేశాం. వంగక్కరలేదు, చేతులు పైకి ఎత్తక్కరలేదు. అన్నిట్లోకీ మంచి అర అది, అప్పటిదాకా నాది. తుడిచి, కొత్త పేపరు పరిచి, మూలల్లో కలరా ఉండలు వేశాను. అల్మారా తలుపులు బార్లా తెరిచి, గదిలో నుంచే కేకేశాను.

"అత్తమ్మా, గిది నీ సెల్ఫు. నీ బట్టలన్ని దీంట్ల పెట్టుకో."

ఆమె హాల్లో సోఫా వెనక నిలబడి, కొంగు సర్దుకుని, టీవీతో అన్నది: "మంచిగున్నది. ఉండనియ్యి."

తరవాతి శనివారం వచ్చి ఆత్రంగా అల్మారా తెరిచాను. కొత్త పేపరు, కలరా ఉండలు. అంతే. మంచం కింద సంచి.

ఎత్తు సరిపోలేదేమో అనుకున్నాను. కింది అర ఖాళీ చేసి చూశాను. ముట్టలేదు. కలరా ఉండల వాసన పడదేమోనని అవి తీసేసి ఎండిన వేపాకు వేశాను. ఊహూఁ. మా బట్టల పక్కన తన బట్టలు పెట్టడం ఇష్టం లేదేమోనని మధ్యలో అట్ట అడ్డం పెట్టాను. దానికీ "మంచిగున్నది" అనే అన్నది, ఈసారి ఫ్యాను వైపు చూసి. వారంలో ఎప్పుడన్నా పెడుతోందా అని మా ఆవిడను ఫోనులో అడిగేవాణ్ణి. అడుగుతూ అడుగుతూ నాకే సిగ్గేసింది. ఆఫీసులో పక్కన కూర్చునే మనిషి, ఎవరన్నా దవాఖానలో ఉన్నారా సార్ అని అడిగాడు.

మా ఆవిడ లెక్క వేరు. "బిడ్డ ఇంట్ల ఉండుడు తప్పనుకుంటది అవ్వ. పది మంది ఏమంటరో అని. సెల్ఫు కాదు, నువ్వు బంగ్లా ఇచ్చినా గంతే."

అది నిజమే అయ్యుంటుందని నేనూ అనుకున్నాను. కానీ నేను లేనప్పుడు ఆమె సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని టీవీ చూస్తుందని, పక్కింటి వాళ్ళతో గేటు దగ్గర గంటలు గంటలు ముచ్చట పెడుతుందని, పెరట్లో బెండ విత్తనాలు కూడా వేసిందని మా ఆవిడే చెప్పింది. పోదామనుకునే మనిషి బెండ విత్తనాలు వేస్తుందా? ఉందామనుకునే మనిషి సంచి సర్దుకుని ఉంటుందా? ఇంకొకటి కూడా ఉంది. మా ఉతికిన బట్టలన్నీ ఆమే మడత పెట్టేది. ఎంత బాగా మడిచినా, తెచ్చి మా గది గడప ఇవతల స్టూలు మీద పెట్టి పోయేది. లోపల పెడితే ఏం పోయింది అని నాకు లోలోపల చిరాకుగా ఉండేది. పని సగంలో వదిలేసే మనిషి కాదామె. ఏదీ దేనితోనూ అతకక నా బుర్ర గజిబిజి అయిపోయింది.

ఒక ఆదివారం మా ఆవిడ కూరగాయలకని బయటికి పోయింది. గాలి ఆడుతుందని నేను మా గదిలో కిటికీ, అల్మారా తలుపులు తెరిచిపెట్టి, మిద్దె మీదికి పోయాను. అంతలోనే గాలివాన. ఆరిన బట్టలు లాగుతూ పైనుంచి అరిచాను: "అత్తమ్మా, మా రూంల కిటికి జర ముయ్యి!"

బట్టలు ఏరుకుని కిందికి వచ్చేసరికి జల్లు కిటికీలోంచి కొట్టి పరుపు తడిసిపోయింది. అల్మారాలో కింది బట్టలు కూడా తడిశాయి. మా అత్త గడప ఇవతల నిలబడి, దర్వాజా పట్టుకుని, ఇంట్లో లేని కూతుర్ని "ఓ బిడ్డా, వాన గొడుతాందే, ఓ బిడ్డా" అని పిలుస్తోంది. కిటికీ ఆమెకు నాలుగడుగుల దూరం. నేను పరుగున పోయి మూశాను. ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళలో మొదటిసారి గొంతు పెంచాను.

"ఈడనే నిలవడి చూస్తున్నవు గదా అత్తమ్మా, జర వచ్చి మూస్తే ఏమైతుండె?"

ఆమె ముఖం చిన్నబోయింది. కొంగు ఇంకా కిందికి లాక్కుని, దర్వాజా చెక్కతో మెల్లగా అన్నది: "బిడ్డ, అల్లుడు పండే రూంలకు నేనెట్ల కాలువెడ్త? ఎవలన్న పెడ్తరా?"

తడిసిన పరుపు మీద అట్లాగే కూలబడ్డాను. ఆ గదిలోకి ఆమె ఏనాడూ రాలేదు. నేనున్నా రాలేదు, నేను భూపాలపల్లిలో ఉన్నా రాలేదు. అలాంటి గదిలో, మా ఇద్దరి లోపలి బట్టలకు ఆనుకుని, ఆమెకొక అర ఇచ్చి, ఎత్తు సరిపోలేదా, వాసన పడలేదా అని నెలలుగా తల బద్దలు కొట్టుకున్నాను. వచ్చి పెట్టుకో అని లోపల నిలబడి కేకలు కూడా వేశాను. ఆమె ఎంత సిగ్గుపడి ఉంటుందో తలచుకుంటే నాకే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నాకెందుకు తెలియలేదంటే ఒక కారణం ఉంది. నేను పుట్టి పెరిగింది గంగారం వైపు, ఒకే గది ఉన్న ఇంట్లో. వంట, పడక, దేవుడు, కోళ్ళ గంప అన్నీ అందులోనే. ఎవరైనా కాలు పెట్టకూడని గది ఉండాలంటే ముందు రెండో గది ఉండాలి కదా. మాకు లేదు. అయినా మా ఆవిడకు తెలియాలి.

కూరగాయల సంచితో తడుస్తూ వచ్చిన మా ఆవిడకు చెప్పాను. మొదట నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"మా ఊళ్ళె అందరు గంతే ఉంటరు. గా ముచ్చటే యాదికి రాలేదు నాకు. నా తల్లిని నేనే ఎరుక పట్టకపోతి," అని అట్లాగే పరుపు అంచున కూర్చుండిపోయింది.

కారణం తెలిసింది, దారి తెలియలేదు. పెద్ద గది ఆమెకిచ్చి మేము చిన్న గదికి మారుతామంటే, "బిడ్డను అల్లున్ని మూలకు తోలి నేను నడుమింట్ల పంటనా? రేపే బస్సెక్కుత," అని వంటింట్లోంచి గట్టిగానే వినపడింది. చిన్న గదిలో బీరువా పెడదామంటే మంచం తీసేయాలి. మంచం తీస్తే మనిషెక్కడ పడుకోవాలి? ఆ వారమంతా భూపాలపల్లిలో కాగితం మీద ఆ గది బొమ్మ గీసి, డ్రమ్మును ఇటు, మిషనును అటు జరిపి చూశాను. కాగితం మీద కూడా తలుపు తెరుచుకోలేదు.

తరవాతి ఆదివారం పొద్దున దుప్పటి కోసం అల్మారా వెనక వరుసలోకి చెయ్యి పెట్టి తడుముతుంటే, గోడ అవతల నుంచి జిప్పు లాగిన చప్పుడు వినిపించింది. ఆమె చీర తీసుకుంటోంది. ఆ చప్పుడు అంత దగ్గరగా ఎందుకు వినిపించిందా అని చెయ్యి అట్లాగే ఉంచి ఆలోచించాను. నా అల్మారా వెనక గోడే చిన్న గది గోడ. అది కూడా సన్నటి గోడ. మేమిద్దరం ఒకే అల్మారాకు చెరో వైపు ఉన్నాం.

మేస్త్రీని పిలిపించాను. నడుము ఎత్తు అర దగ్గర వెనక గోడ పగలగొట్టి, అటు వైపు తెరిచి, ఇటు వైపు ప్లైవుడ్ కొట్టి మూసేయాలని చెప్పాను. అతను నా ముఖం చూశాడు, అల్మారా చూశాడు, మళ్ళీ నా ముఖం చూశాడు.

"అల్మారకు ఈపు పలగ్గొట్టుడేంది సార్? మంచిగున్నదాన్ని ఎందుకు ఖరాబు చేస్తరు?"

చెప్పాలంటే మా అత్త ముచ్చటంతా చెప్పాలి. వాస్తు అన్నాను. అతను ఇంకేం అడగలేదు, గడ్డపార తెచ్చుకున్నాడు.

ఇల్లంతా దుమ్ము. మా ఆవిడ పట్టుచీరల మీద దుమ్ము, అమ్మాయి గౌను మీద దుమ్ము. మా అత్త పెరట్లో బెండ మొక్కల దగ్గర కూర్చుని, చప్పుడైనప్పుడల్లా ఇటు చూస్తోంది. సాయంత్రానికి చిన్న గది గోడలో, మంచం తలాపున, నల్లటి బండతో లోతైన అర కనిపించింది. అంచులకు సిమెంటు పూశారు. మా వైపు తలుపు తెరిస్తే ఇప్పుడు ఆ ఎత్తులో చెక్క కనిపిస్తుంది. నా చొక్కాలు సజ్జ మీదికి పోయాయి. మా ఆవిడ తల్లిని చెయ్యి పట్టి తీసుకుపోయి చూపించింది. ఆమె బండ మీద అరచెయ్యి పెట్టి, వెనకదాకా చాపి, చెక్కను తట్టి చూసింది. కనీసం మంచిగున్నదని కూడా అనలేదు.

సోమవారం పొద్దున్నే నేను వెళ్ళిపోయాను. ఆ వారం ఫోనులో అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

శనివారం వచ్చేసరికి మా ఆవిడ ముఖం వాడిపోయి ఉంది. చిన్న గది వైపు కళ్ళతో చూపించింది. సగం తెరుచుకున్న తలుపులోంచి చూశాను. అర ఖాళీ. సంచి మంచం కిందే. మా ఆవిడ అన్నదే నిజమన్నమాట. గది అడ్డం కాదు, గోడ అడ్డం కాదు. బిడ్డ ఇల్లన్నదే అడ్డం. దానికి మేస్త్రీ ఏం చేస్తాడు? ఆమెను పంపించడానికి మనసు ఎలా రాయి చేసుకోవాలా అని ఆలోచిస్తూ, బూట్లు విప్పకుండా సోఫాలో కూర్చున్నాను. మా ఆవిడ పక్కన కూర్చుని కొంగు అంచు మడత పెడుతూ విప్పుతూ ఉంది.

చిన్న గది తలుపు దగ్గర అలికిడైంది. మా అత్త వచ్చి నిలబడింది. తల మీద కొంగు ఉంది. కానీ ఈసారి టీవీ వైపు, ఫ్యాను వైపు చూడలేదు. నా బూట్ల వైపు చూసింది.

"అల్లుడా," అన్నది.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు.

"గంత చేసినవు, తలుపు పెట్టియ్యకపోతివి. తలుపు లేనిదాంట్ల చీరలెట్ల పెడ్తరు? దుమ్ము పడదా? జర తలుపు పెట్టియ్యి. గొళ్ళెం సుత గట్టిది పెట్టు. తాళం కావాలె. తాళంచెవి ఒక్కటే ఉండాలె, అది నా దగ్గరనే ఉండాలె."

"తాళమెందుకే అవ్వా? ఈ ఇంట్ల దొంగలెవరు, నేనా?" అన్నది మా ఆవిడ.

"ఎవలైతేంది? నా సామాను నాది," అని మా అత్త లోపలికి పోయింది.

నన్ను అంత సూటిగా అనుమానించినవాళ్ళు ఆ రోజుదాకా లేరు. అంత సంతోషం కూడా నాకు ఆ రోజుదాకా లేదు. నాలుగు రోజులుండి పోయే మనిషి తాళం అడగదు. మా ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుని ఏడుస్తోంది. నేను బూట్లు విప్పలేదు కాబట్టి అట్లాగే బజారుకు బయలుదేరాను. వడ్రంగి వారందాకా రానన్నాడు. తాళం మాత్రం ఆ సాయంత్రమే కొని, ఆమె చేతికే నేరుగా ఇచ్చాను.